అమ్మ పట్టుకున్న హంతకుడు

నిన్న జగదల్‌పూర్‌లో మనవరాలు ఫోన్లో మన చిన్ననాటి హిందీ డిటెక్టివ్ సీరియల్, అదే మన 'జాసూసీ', ఆఖరి భాగం పెట్టింది. ఆ మ్యూజిక్ వినగానే నా ముక్కుకి కిరోసిన్ స్టవ్ వాసన తగిలింది. కిరందుల్ కాలనీ నేస్తాలూ, గుర్తుందా? చెక్క షట్టర్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ, దాని మీద అమ్మ అల్లిన గుడ్డ, ఎంత ఉతికినా ఆ గుడ్డని వదలని గనుల ఎర్రదుమ్ము. దుమ్ము సంగతి మొదలెడితే ఈ పోస్టు తెమలదు, వదిలేద్దాం.

మా అమ్మకి హిందీ రాదు. అందుకే మాటలు వదిలేసి మనుషుల చేతులు చూసేది. మూడో వారానికే నాన్నతో తేల్చి చెప్పేసింది: "చంపింది ఆ ఏడ్చే డాక్టరే. ఆ చచ్చినాయన ఇంటికి రావడం ఇదే మొదటిసారి అన్నాడని మీరే చెప్పారు కదా. మరి కరెంటు పోగానే, తడుముకోకుండా వంటింట్లో అగ్గిపెట్టె ఎలా తీశాడండీ?"

నాన్న పగలబడి నవ్వారు. "హిందీ ముక్క రాదు గానీ, జాసూసీ ఒకటి! నీ మాటే నిజమైతే, ఆఖరి భాగం రోజు వచ్చినవాళ్లందరికీ నేనే చాయ్ పెడతా."

ఆఖరి ఆదివారం పొద్దున క్వార్టర్ల వరసంతా మా ముందుగదిలో చాపల మీద కూర్చుంది. డాక్టర్ చేతులకి బేడీలు పడ్డాయి. ఇల్లంతా ఈలలు, చప్పట్లు! మేం కాకీ అని పిలిచే పక్కింటి పిన్ని "వాహ్ దీదీ!" అంటూ అమ్మని అమాంతం ఎత్తేసి, నాన్న కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మ ఆ కుర్చీ ఎక్కడం నేను చూసింది అదే మొదలు. నాన్న వంటింట్లోకి నడిచారు.

కాసేపటికి లోపల్నుంచి కేక: "ఏమేవ్, అగ్గిపెట్టె ఎక్కడ పెట్టావ్?"

అమ్మ కుర్చీలోంచి కదల్లేదు. "విన్నారుగా! పదేళ్లుగా ఈ ఇంట్లోనే ఉంటున్నారు. ఈయన మీద మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు!"