మగ్గం ఇంట్లో మా పరీక్ష

ఈ ఉదయం సిద్దిపేటలోని మా శిక్షణ ఇంటికి కొత్తగా ఒక జంట వచ్చింది. వచ్చే ఏడాది వాళ్లు సువార్త సేవకు విదేశం వెళ్లాలి. ఆ అమ్మాయి సంచి కింద పెట్టకముందే నన్నడిగింది, "అమ్మా, గాడ తిండి పడకపోతే ఎట్ల?" అని. నాకు నవ్వు ఆగలేదు. తిండి పడకపోవడం కాదమ్మా, తిండి వద్దనాల్సి రావడం అసలు కష్టం అందామనుకున్నాను. కానీ మొదటిరోజే బెదరగొట్టడం ఎందుకని టీ ఇచ్చి కూర్చోబెట్టాను. వాళ్లకు గది చూపించి వచ్చాక మాత్రం మా శిక్షణ రోజులే కళ్లముందు తిరుగుతున్నాయి.

అప్పుడు మా పాపకు నాలుగేళ్లు. మావారు బోరింగు పంపు విప్పి బిగించడం, నేను పురుళ్లు పోయడం, ఇంజెక్షన్లు వేయడం నేర్చుకుంటున్నాం. వెళ్లబోయేది ఆఫ్రికాలోని ఒక దేశానికి. అక్కడి భాషలో నాలుగు ముక్కలు బట్టీపట్టి పెరట్లో కోళ్ల మీద ప్రయోగించేదాన్ని. కోళ్లు నన్ను తప్పుపట్టలేదు, అదే నా ధైర్యం. చివరి మూడు నెలలకు మాత్రం మా శిక్షణ పెద్దాయన, అందరం అయ్యగారు అనేవాళ్లం, ఒక విచిత్రమైన పద్ధతి పెట్టారు. మన మతం కాని వాళ్లింట్లో ఉండాలి. సొంత పొయ్యి వెలిగించకూడదు. వాళ్లు ముందు పెట్టింది తినాలి, అడగకూడదు, వదలకూడదు. ఆఖర్న అయ్యగారు వచ్చి ఆ ఇంటివాళ్లను ఒకే ఒక్క మాట అడుగుతారు: "వీళ్లు మళ్లొస్తే ఉంచుకుంటరా?" ఉంచుకోమంటే ప్రయాణం రద్దు. మా ముందు వెళ్లిన ఒక జంటకు అలాగే రద్దయింది. పెట్టె సర్దుకుని పుట్టిన ఊరికి పోయారు.

మాకు దొరికింది మగ్గం నేసే ఇల్లు. ఇంటి పెద్దాయన పొద్దస్తమానం మగ్గం గుంతలో కూర్చునేవాడు, మాట్లాడేది తక్కువ. ఆ కొరత ఆయన భార్య తీర్చేది, ఆవిడను అవ్వ అనేవాళ్లం. మొదటిరోజే మావారికి ఆవిడతో చిక్కొచ్చిపడింది. పళ్లెంలో మెతుకు మిగల్చకూడదని మా నియమం, పళ్లెం ఖాళీగా కనిపించకూడదని అవ్వ నియమం. ఆయన జొన్నరొట్టె తుడిచి తినడం, ఆవిడ ఇంకొకటి వేయడం. చాలు అనడానికి ఆయనకు నోరు రాదు. ఆపై మోకరించి ప్రార్థన చేయబోతే కడుపు అడ్డమొచ్చి గోడకానుకుని కూర్చున్నారు. మర్నాడు అవ్వ వాకిట్లో పక్కింటావిడతో, "పాపం, పిలగాడు ఎన్నడు తిన్నడో ఏమో, వాళ్ల ఇంట్ల సరిగ పెట్టనట్టున్నరు" అంటుంటే నేను లోపలే ఉన్నాను. మా ఇంట్లో వండేదాన్ని నేనే కదా! ఒళ్లు మండింది. ఆ పూట నుంచి పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టడం ఆయనకు నేనే నేర్పాను.

రోజులు బాగానే నడిచాయి. పాప అవ్వ కొంగు వదిలేది కాదు. ఆదివారాలు అవ్వ ఇంట్లో ఏది వండినా ముందు మల్లన్న పటానికి పెట్టాకే ఎవరికైనా. మేం ఆదివారం చర్చిలోనే భోంచేసి వచ్చేవాళ్లం కాబట్టి ఆ సంగతి మా దాకా రాలేదు. సంక్రాంతి దాటాక అవ్వ కొమురవెల్లి మల్లన్న గుడికి పోయి బోనం చేసి వచ్చింది. నుదుట పసుపు బండారి, చేతిలో స్టీలు డబ్బా. వచ్చీరాగానే మూడు విస్తరాకులు పరిచి బెల్లమన్నం పెట్టింది. "మల్లన్న ప్రసాదం, తినుర్రి" అంది. దాంట్లో నెయ్యి వాసన ఇప్పటికీ నా ముక్కుకు గుర్తే.

ముందు పెట్టింది తినాలన్నది శిక్షణ నియమం. వేరే దేవుడికి పెట్టింది తినకూడదన్నది మా విశ్వాసం. ఈ రెండూ ఒకే విస్తరిలోకి వస్తాయని మాకెవరూ చెప్పలేదు. అవ్వ నీళ్లకని లోపలికి పోగానే ఆయన నా చెవిలో, "తీసుకుందాం, తర్వాత ఆవుకు పెడదాం" అన్నారు. ఆయన మెత్తని మనిషి. నాకు మాత్రం ఉడుకెత్తిపోయింది. ఆవుకు పెట్టి అవ్వకు బాగుందని చెప్పాలా? అవ్వ చెంబుతో రాగానే చెప్పేశాను. "అవ్వా, నీ చేతి వంట ఏది పెట్టినా తింటం. దేవునికి పెట్టింది మాత్రం మేం తినం. తీస్కొని నీ చాటుకు పారేసుడు నాతోని కాదు."

అవ్వ చెంబు కింద పెట్టింది. "అన్నం పెడితే వద్దంటరా ఎవరన్న" అని, మూడు విస్తర్లూ ఎత్తుకుని లోపలికి పోయింది. మర్నాటి నుంచి అన్నం గిన్నె ఇంటి పెద్దాయన తెచ్చి గడపలో పెట్టేవాడు. పాప పోయి వంటింటి గుమ్మంలో కూర్చుంటే అవ్వ రమ్మనలేదు, పొమ్మనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆఫ్రికా పోకపోతే పోనీ, ఈ ముసలామె మాట్లాడితే చాలనిపించింది.

ఆ వారమే అయ్యగారు వచ్చి నులకమంచం మీద కూర్చుని అడగాల్సిన మాట అడిగారు. అవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంది. "ఈమె మీద నాకు కోపమున్నది. మల్లన్న ప్రసాదం వద్దన్నది" అంది. అయిపోయింది అనుకున్నాను. మావారు తల వంచుకున్నారు. అవ్వ ఆగలేదు. "ఇంతకుముందు కిరాయికున్నోళ్లు మంచిగ నవ్వుకుంట తీసుకున్నరు. తెల్లారి పెంటకుప్ప మీద కోళ్లు పొడుస్తుంటే చూసిన. ఈమె నా మొఖం మీదనే చెప్పింది. ఇసొంటి మనిషి ఇంట్ల ఉంటే తాళం వేసే పనిలేదు. రమ్మనుర్రి, ఉంచుకుంట. కోపం మాత్రం పోలే."

నిజంగానే పోలేదు. మేం ఇల్లు ఖాళీ చేసేదాకా నాతో ముక్తసరిగానే ఉంది. వెళ్లే రోజు ఆదివారం పడింది. ఆరాధన నుంచి నేరుగా వచ్చి సామాను కడుతుంటే అవ్వ వంటింట్లోంచి కేకేసింది. పొయ్యి మీంచి అప్పుడే దించిన అన్నం, కోడికూర. మూడు పళ్లేలు పెట్టి ఉన్నాయి. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నా సందేహం ఆవిడకు అర్థమైంది.

"మల్లన్నకు ఇంకా పెట్టలే. మీరు తిన్నంక పెడ్త" అంది గరిటె తీసుకుని. "ఆయనకేం తొందర లేదు. మీకు బస్సు టైమైతుంది."

తిన్నాం. మావారు పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఆనాడు నా మాట మీద నిలబడ్డందుకు గర్వపడ్డాను, ఇప్పటికీ పడతాను. కానీ నాకోసం అవ్వ తన మాట మీంచి ఒక మెట్టు దిగిందనీ, అది నిలబడడం కంటే పెద్ద పననీ తెలుసుకోవడానికి మాత్రం నాకు ఒక సముద్రం దాటి, మళ్లీ వెనక్కి వచ్చేంత కాలం పట్టింది.