ఐస్ గడ్డ లేకుండా తీసిన నంబర్

2023 ఎండాకాలం. ఎల్బీనగర్‌లో రింగ్‌రోడ్డు వెనక సందులో మా షెడ్డు. అందులో చెప్పుకోదగ్గ మిషన్ ఒక్కటే, డయ్నో. నేలలో పాతిన ఇనుప రోలర్ల మీద కారు చక్రాలు నిలబెట్టి, కారు ఎగిరి పోకుండా బెల్టులతో కట్టి, గేరు వేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతాం. కారు ఉన్నచోటే ఉంటుంది, రోలర్లు తిరుగుతాయి. అవి ఎంత త్వరగా వేగం అందుకున్నాయో చూసి, చక్రాల దాకా నిజంగా చేరుతున్న హార్స్‌పవర్ ఎంతో కంప్యూటర్ చెబుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఇప్పటికీ నాది పొల్యూషన్ సర్టిఫికెట్లు ఇచ్చే దుకాణం అనుకుంటారు. మొదట్లో విడమరిచి చెప్పేదాన్ని. తర్వాత విసుగొచ్చి మానేశాను.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి కావలసింది పవర్ కాదు, నంబర్. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవడానికి ఒక పెద్ద నంబర్. దానికోసం మన ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. టర్బో ఉన్న కారు అయితే, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అనే జల్లెడలాంటి భాగం ముందువైపు ఉంటుంది. చెరుకురసం బండి దగ్గర ఐస్ గడ్డ కొని, తడి గోనెసంచిలో చుట్టి, దాని మీద పెడతారు. గాలి చల్లబడితే పవర్ పెరుగుతుంది. బానెట్ తెరిచి, పెద్ద ఫ్యాన్ పెట్టి, గోనె నుంచి నీళ్లు కారుతుండగా ఒక్కసారి తొక్కి, ఆ నంబర్ ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నా షెడ్డులోకి ఐస్ రానివ్వను. అందుకే నాకు "నంబర్లు తగ్గించే మేడం" అని పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

యాదగిరి ఆ ఏప్రిల్‌లో వచ్చాడు. నల్గొండ వైపు మనిషి, బడంగ్‌పేట్‌లో చిన్న మెకానిక్ షెడ్డు. యాక్సిడెంట్‌లో నుజ్జయిన ఒక పాత హ్యాచ్‌బ్యాక్‌ను తుక్కు కింద తెచ్చుకుని, నాలుగేళ్లు కష్టపడి, టర్బో అమర్చి తన చేతులతో నిలబెట్టాడు. వెల్డింగులు చూశాను, ఎక్కడా వంక పెట్టలేకపోయాను. వెంట ఆయన భార్య సునీత వచ్చింది. మూసారాంబాగ్‌లో ఒక స్కూల్లో టీచర్. కుర్చీ ఎండలోంచి నీడలోకి తనే లాక్కుని కూర్చుంది.

ఆ నెలాఖరున ఊరికి దూరంగా, విమానాలు దిగని ఒక పాత రన్‌వే మీద డ్రాగ్ రేసు ఉంది. నాలుగు వందల రెండు మీటర్ల తిన్నటి దారి, ఎన్ని సెకన్లలో దాటావన్నదే లెక్క. యాదగిరి పేరిచ్చిన క్లాసులో అన్ని కార్ల కంటే ముందు రావడం కాదు గెలుపు. నా కారు ఇన్ని సెకన్లలో వస్తుందని పొద్దున్నే ముందు అద్దం మీద తెల్లగా రాయాలి. రాసిన టైమ్‌కు ఎవరు బాగా దగ్గరగా వస్తే వాళ్లది గెలుపు. రాసినదానికంటే ముందే వచ్చేస్తే దాన్ని బ్రేకవుట్ అంటారు, అంటే అవుట్. ఒకసారి రాశాక మార్చడానికి లేదు.

"రెండేండ్ల సంది పోతున్నడక్కా. రెండుసార్లు మొదటి రౌండ్లనే ఇంటికొచ్చిండు" అంది సునీత. "ఈసారి గూడ గట్లనే అయితే కారు అమ్మేస్తనని నాకు మాటిచ్చిండు."

యాదగిరి తల దించుకున్నాడు. నాలుగేళ్ల పని అది. అమ్మడమంటే ఏమిటో ఆ మనిషి ముఖంలో కనపడింది.

వేరే చోట తీసిన రిపోర్టు చూపించాడు. నూట ఎనభై నాలుగు హార్స్‌పవర్.

"ఐస్ పెట్టారా?" అన్నాను.

"అందరు పెడ్తరు గదక్కా."

"బరువు ఎంత?"

"పదకొండు వందలకు తక్కువనే. సాగర్ రోడ్ల ఇసుక లారీల కాటా మీద తూపిచ్చిన."

"తూచేటప్పుడు నువ్వు కార్లో ఉన్నావా?"

లేడు. కాటా అతను లారీ డ్రైవర్లను దించే అలవాటులో యాదగిరిని కూడా దిగమన్నాడు, ఈయన బుద్ధిగా దిగాడు. "రేసు రోజు కారు ఒక్కటే పరిగెడుతుందా, నువ్వు పక్కన నడిచొస్తావా?" అన్నాను. సునీత పకపకా నవ్వింది. యాదగిరి మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. బరువును పవర్‌తో భాగించి, దాని ఘనమూలాన్ని ఒక సంఖ్యతో గుణిస్తే సెకన్లు వస్తాయి. పదో తరగతి లెక్కే. కానీ అందులో తప్పుడు పవర్, తప్పుడు బరువు వేస్తే వచ్చేదీ తప్పే. తన లెక్కలో అతనికి పదమూడున్నర వచ్చింది.

నా పద్ధతి వేరు. కారును మొదట మామూలుగా రోలర్ల మీద నడిపాను. నూట అరవై ఎనిమిది వచ్చింది. తర్వాత దాన్ని బయటికి తీయించి, నడిఎండలో, బానెట్ మూసి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి వదిలేశాను. యాదగిరికి ప్రాణం పోయినంత పనైంది.

"అక్కా, ఇంజన్ ఉడికిపోతది!"

"రేసు దగ్గర లైన్లో ఎంతసేపు నిలబడతావు?"

అరగంట పైనే నిలబడతారు, అతనికీ తెలుసు. వేడంతా పట్టేసిన ఇంజిన్ పరిస్థితిని హీట్ సోక్ అంటాం. లోపలికి వెళ్లే గాలి బాగా వేడెక్కితే, ఇంజిన్‌ను కాపాడుకోవడానికి దాని కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది. ఆ గాలి డెబ్బై డిగ్రీలకు చేరాక మళ్లీ రోలర్లెక్కించాను. నూట నలభై ఆరు. చల్లారాక ఇంకోసారి వేడిచేసి చూశాను, అదే నంబర్. యాదగిరిని కార్లో కూర్చోబెట్టి, హెల్మెట్‌తో సహా మళ్లీ కాటా మీద తూయించాను. లెక్క కట్టాను.

"నీ కారు పదిహేను సెకన్లకు వస్తుంది. బ్రేకవుట్ కాకుండా ఒక పిసరు వెసులుబాటు ఉంచుకుని పద్నాలుగు పాయింట్ తొమ్మిది అని రాయి."

ముఖం మాడ్చుకున్నాడు. "పదిహేనా? పదిహేనుకు మా ఊరి ట్రాక్టర్ ఒస్తదక్కా! అందరు పదమూడు రాస్తరు. గీ నంబర్ రాస్తే నన్ను చూసి నవ్వి సస్తరు."

నాకు కోపం వచ్చింది. ఏదో అనబోయాను. అప్పటిదాకా ఊరకే వింటున్న సునీత లేచింది.

"మందికి చూపియ్యనీకి చేసినవా కారు, గెలువనీకి చేసినవా? రెండేండ్లు పదమూడు రాసినవ్. ఏమొచ్చింది? పదిహేనుకు దగ్గర పడి ఇంటికొచ్చినవ్. నాకు యాదికున్నది, నీకు లేదా?"

నేను ఆమె వైపు తిరిగాను. "ఆ రెండుసార్లూ ఎంతకు వచ్చాడో గుర్తుందా?"

"మొదటిసారి పదిహేను దాటింది, రెండోసారి జర తక్కువ."

నా లెక్కకు అంతకంటే మంచి రుజువు ఎవరు తెచ్చిస్తారు! రెండేళ్లుగా కారు తన టైమ్ తాను చెబుతూనే ఉంది. ఈయన ఐస్ గడ్డ మాటే నమ్మాడు గానీ కారు మాట చెవిన పెట్టలేదు. యాదగిరి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. "సరె అక్కా, రాస్త" అన్నాడు చివరికి.

రేసుకు నేనూ వెళ్లాను. పిలవకపోయినా వెళ్లేదాన్ని. అద్దం మీద పద్నాలుగు పాయింట్ తొమ్మిది చూసి పక్క కారు వాళ్లు నిజంగానే నవ్వారు. ఒకడు వచ్చి "అన్నా, బస్సుల రేసు గటు పక్కకు" అన్నాడు. యాదగిరి చెవులు ఎర్రబడ్డాయి గానీ హెల్మెట్ పెట్టుకుని కార్లో కూర్చున్నాడు.

మొదటి రౌండ్ మిట్టమధ్యాహ్నం పెట్టారు. పదమూడులు రాసిన మొనగాళ్లలో చాలామంది ఎండలో లైన్లో ఉడికి, పద్నాలుగులకీ పద్నాలుగున్నరలకీ వచ్చారు. యాదగిరి పద్నాలుగు పాయింట్ తొమ్మిది ఏడుకు వచ్చాడు. బోర్డు మీద ఆ అంకెలు చూసి నేను అరిచిన అరుపుకి పక్కనున్న పెద్దాయన చేతిలో టీ ఒలికింది. ఫైనల్‌కు ఇద్దరే మిగిలారు, యాదగిరి, పదమూడు పాయింట్ ఆరు రాసి దానికి కాస్త వెనగ్గా వచ్చిన ఇంకొకతను. మంచి కారు, మంచి డ్రైవరు. వంక పెట్టను.

అప్పుడు మబ్బు పట్టింది. చల్లటి గాలి మొదలైంది. జనమంతా హమ్మయ్య అనుకుంటుంటే నాకు భయం పట్టుకుంది. కారు చల్లబడితే పవర్ పెరుగుతుంది. పవర్ పెరిగితే రాసినదానికంటే ముందే గీత దాటేస్తాడు. బ్రేకవుట్. చేతికొచ్చిన గెలుపు చల్లగాలికి ఎగిరిపోతుంది.

పరుగెత్తాను. అలవాటు కొద్దీ యాదగిరి అప్పటికే బానెట్ ఎత్తి పెట్టాడు.

"బానెట్ ముయ్యి! ఇంజిన్ ఆన్ చెయ్యి. ఫ్యాన్ దగ్గరికి రానీకు."

"సల్లగైతాంది గదక్కా, మంచిదే గదా?"

"నీకు మంచిది కాదు. ఆ రోజు మా షెడ్డులో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఎంత వేడి ఉంది?"

కళ్లు పెద్దవి చేశాడు. అర్థమైంది. "డెబ్బై" అన్నాడు, బానెట్ దించుతూ.

అవతల ఫైనల్ ప్రత్యర్థి మనుషులు ఇంటర్‌కూలర్ మీద తడి గోనె పెట్టి, దాని మీద ఐస్ నీళ్లు పోస్తున్నారు. ఇవతల మేం చలికాలంలో నీళ్లు కాచినట్టు కారును మరగబెడుతున్నాం. చుట్టూ చేరిన వాళ్లు మాకు పిచ్చి పట్టిందనుకున్నారు. సునీత ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడిని చూపించే స్కానర్ కలిపిన ఫోన్ పట్టుకుని డిగ్రీలు పైకి చదువుతోంది. అరవై రెండు. అరవై ఆరు. లైన్లోకి పిలిచారు. అరవై తొమ్మిది. "డెబ్బై! పో!" అని కారు వీపు మీద ఒక్కటి చరిచింది.

ముందు వెళ్లిన అతను పదమూడు పాయింట్ ఐదు రెండుకు వచ్చాడు. ఐస్, మబ్బు రెండూ కలిసి అతన్ని రాసిన టైమ్ దాటించేశాయి. బ్రేకవుట్. ఇప్పుడు యాదగిరి పద్నాలుగు పాయింట్ తొమ్మిది కంటే ముందు గీత దాటకుండా వస్తే చాలు. పచ్చలైటు పడింది. టైర్లు ఒక్కసారి కీచుమని పట్టు దొరికించుకున్నాయి. ఆ పదిహేను సెకన్లూ నేను కళ్లు బోర్డు మీద నుంచి తీయలేదు.

పద్నాలుగు పాయింట్ తొమ్మిది రెండు.

సునీత నన్ను వాటేసుకుంది. ఇద్దరం అలాగే గంతులేశాం, నా వయసు కూడా మర్చిపోయాను. బస్సుల రేసు అన్న కుర్రాడే ముందుగా పరిగెత్తి వెళ్లి యాదగిరిని కార్లోంచి లాగి భుజాలకెత్తుకున్నాడు. "ఎట్ల చెప్పినవన్నా అంత కరెక్ట్?" అని అందరూ అడుగుతుంటే, యాదగిరి నా వైపు చెయ్యి చూపించి, "నంబర్లు తగ్గించే మేడం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటిదాకా తిట్టులా వినపడ్డ పేరు ఆ రోజు బిరుదులా వినపడింది. గర్వంగా అనిపించింది, ఎందుకు దాచుకోవాలి!

"మరి కారు అమ్మే మాట?" అని సునీతను కవ్వించాను.

"గా మాట ఎవలన్నరక్కా?" అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఆ తర్వాత నా షెడ్డుకొచ్చే ప్రతి కారునూ రెండుసార్లు నడుపుతున్నాను, ఒకసారి చల్లగా, ఒకసారి ఎండలో మరిగాక. రెండు నంబర్లూ ఇస్తాను, ఏది రేసుకు పనికొస్తుందో చెబుతాను. అది వృత్తిపరంగా నేర్చుకున్నది. అంతకంటే పెద్ద పాఠం ఇంకొకటుంది. నిజమైన నంబర్ చెప్పడంలో గొప్పేమీ లేదు, అది నా పని, రోలర్లు చెప్పిందే నేను చెబుతాను. ఆ చిన్న నంబర్‌ను అద్దం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని, అందరూ నవ్వుతుంటే దాని వెనక కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నాడే, ఆ పని మాత్రం నేనైతే చేయగలిగేదాన్నో లేదో ఇప్పటికీ చెప్పలేను.