నేను మార్చి చెప్పిన మాట

పదేండ్లకు పైగా నా గొంతులో ఒక మాట అడ్డంపడి ఉంది. మింగినా దిగదు, కక్కినా రాదు. నా భార్యకు చెప్పలేదు. గుడిలో మోకాళ్లూని ఎన్నో తప్పులు దేవుడి ముందు ఒప్పుకున్నాను. ఈ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి నాలుక వెనక్కి పోయేది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్లయితే ముందు నా మొహం చూస్తారు.

నేను పెనుకొండ మిషను బడిలో అయివారిని. పుట్టుకతోనే క్రైస్తవుణ్ణి. మా నాయన తాగి తాగి చచ్చిపోయినాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను. చెప్పాల్నో వద్దో ఇప్పటికీ తెలియడం లేదు, ఎందుకంటే అది చెబితే సాకు చెప్పినట్టు ఉంటుంది.

హిందూపురంలో స్టేషనుకు దగ్గర్లో ఒక ముసలి ఆంగ్లో ఇండియన్ ఉండేవాడు. బెంగుళూరు లైను మీద గార్డుగా పనిచేసి దిగిపోయినవాడు. అందరూ గార్డు దొర అనేవాళ్లు. పెండ్లాం పోయింది, పిల్లల్లేరు. ఆయన ముసలితనంలో ఒక కొత్త కూటంలో కలిసినాడు. బెంగుళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, ఏ కొద్దిమందో ఉండే కూటం. గుడి లేదు, పాదిరి లేడు, సిలువ లేదు. మా సంఘంలో వాళ్లను ఎగతాళిగా నిద్రవాళ్లు అనేవాళ్లు. వాళ్ల బోధ అట్లాంటిది. మనిషి చచ్చిపోతే ఆత్మ పరలోకానికీ పోదు, నరకానికీ పోదు. నిద్రపోతుంది. కల కూడా రాని నిద్ర. కడపటి రోజున దేవుడు పేరు పెట్టి లేపేదాకా అంతే. నరకమనేది లేనే లేదు, జనాన్ని భయపెట్టడానికి పాదిరులు రాజేసిన మంట అది అనేవాడు దొర. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడని మేము నమ్ముతాం గదా, దాన్నీ ఒప్పుకోడు. ఏసు దేవుడి కొడుకే గానీ దేవుడు కాదనేవాడు. మా సంఘంలో ఇవి చెవులు మూసుకోవలసిన మాటలు.

మరి నేను ఆయన వెంట ఎందుకు పోయినాను? ఇంగ్లీషు బాగుపడుతుందని పోయినానని అందరికీ చెప్పేవాణ్ణి. నాకు నేనూ అదే చెప్పుకునేవాణ్ణి. దొరకు వచ్చిన తెలుగంతా రైలు తెలుగు. జరుగు, దిగు, సామాను తియ్యి. దాంతో బోధ చెయ్యలేడు గదా. బడి లేని రోజు హిందూపురంలో రైలెక్కి వచ్చేవాడు, పెనుకొండలో నేను ఎక్కేవాణ్ణి, ఇద్దరం ధర్మవరంలో దిగేవాళ్లం. అక్కడ రైల్వే క్వార్టర్సులో ఆయన పాత స్నేహితుడు ఫిట్టరు ఒకడు తన వసారాలో చాప పరిచేవాడు. రైల్వేవాళ్లు కొంతమంది వచ్చి కూర్చునేవాళ్లు. దొర ఇంగ్లీషులో చెప్పడం, నేను తెలుగులో చెప్పడం. మా పాదిరిగారికి ఈ సంగతి తెలుసు. "పోనీ పోయిరా, వాళ్లేం చెప్తారో మనకూ తెలుస్తుంది" అన్నారు.

మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పినాను. నరకం లేదు అని నా నోటితో అన్న రోజు ఒళ్లు జలదరించింది. వెనక్కి వచ్చే రైల్లో మాత్రం ఏదో హాయిగా ఉండింది. ఇంటికి చేరేసరికి ఆ హాయికే భయం వేసింది. ఇది సైతాను పెట్టే తీపి కాదు గదా? లేకపోతే నిజమే తీపిగా ఉంటుందా? ఎవరిని అడగాల?

ఇప్పుడు మా నాయన సంగతి. ఆయన శవం ఇంకా వాకిట్లో ఉండగానే అప్పటి పాదిరి ఒకాయన, తాగుబోతులకు దేవుడి రాజ్యంలో చోటు లేదని అందరి ముందరా చెప్పినాడు. నేను అప్పటికి చిన్నవాణ్ణి. ఆ తర్వాత చానా కాలం పొయ్యిలో కట్టె చిటపటమంటే మా నాయనే అనుకునేవాణ్ణి. పొయ్యి దగ్గర అన్నం తినలేకపోయేవాణ్ణి. కాదు నాయనా అని ఒక్కరూ అనలేదు. మా అవ్వ కూడా అనలేదు.

ఇంక ఒక ఆడమనిషి సంగతి, పేరు మార్చి చెప్తున్నాను. ఓబుళమ్మ అనుకోండి. ధర్మవరంలో నేతవాళ్ల వీధి. మొగుడు మగ్గం నేసేవాడు, ఈమె పట్టు దారం కండెలకు చుట్టేది. వాళ్లు హిందువులు, మా మతంతో సంబంధం లేనివాళ్లు. ఒకసారి మా మిషను వాళ్లు ఆ వీధిలో పాటలు పాడి, నమ్మనివాళ్లకు ఆరని మంట తప్పదని బోధ చేసినారు. నేనూ ఆ గుంపులో తాళాలు వాయిస్తూ ఉన్నాను. ఆమె మొగుడు మగ్గం గుంతలో నుంచి లేచి బయటికి వచ్చి, "మీ నరకంలో మగ్గం ఏసుకొనేకి జాగా ఉంటాదా అప్పా?" అని అడిగినాడు. వీధంతా నవ్వింది. మంచి మనిషి. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. కొన్నాళ్లకే అతను జ్వరం వచ్చి పోయినాడు.

ఆమె మనసులో ఆ రెండూ ముడిపడిపోయినాయి. ఎగతాళి చేసినాడు, చచ్చిపోయినాడు. ఒకనాడు కూటం ముగిసి అందరూ లేచిపోయినాక ఆమె ఒక్కతే వసారా కిందికి వచ్చి నిలబడింది. చచ్చినవాళ్లు ఎక్కడుంటారో చెప్పే దొర వచ్చినాడని ఎవరో చెప్పినారంట.

"దొరా, మా యింటాయన దేవుణ్ణి ఎగతాళి చేసినాడు. జొరమొచ్చి పోయినాడు. ఇప్పుడు యాడుండాడు?"

నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పినాను. దొర కండ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నిద్రపోతున్నాడని చెప్పు. నొప్పి లేదు, మంట లేదు. నవ్వినందుకు దేవుడు మనుషుల్ని కాల్చడు. మెల్లగా చెప్పు" అన్నాడు.

నేను ఆమె వైపు తిరిగినాను.

"మంటల్లో ఉండాడమ్మా" అన్నాను.

ఆమె నోరు తెరిచింది, మూయలేదు. వసారా అంచు పట్టుకొని అడిగింది. "ఎంతకాలం, అయివారూ?"

"ఎప్పటికీ."

ఏమంటోంది అని దొర నన్ను అడిగినాడు. ఎంతకాలం నిద్రపోతాడని అడుగుతోంది అన్నాను. ఇది రెండో అబద్ధం. మొదటిదాని కంటే సులభంగా వచ్చింది. దొర మొహం విప్పారింది. వసారా అంచుకు వంగి ఆమె తల మీద చెయ్యి పెట్టి నవ్వినాడు. బిడ్డను చూసి నవ్వినట్టు నవ్వినాడు.

ఆమె ఆ నవ్వును చూసింది.

"నవ్వుతాండాడే! ఆయప్పకు నవ్వెట్లొస్తాండాది, అయివారూ?"

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. దొర కండ్లలో కూడా నీళ్లు తిరిగినాయి. ఆమెకు ఓదార్పు దొరికిందనుకున్నాడు. తిరుగు రైల్లో, ఇన్నేండ్లలో ఇంత మంచి రోజు చూడలేదని నాతో అన్నాడు.

ఎందుకు చేసినాను?

దీనికి నేను ఎన్నో జవాబులు తయారు చేసుకున్నాను. భయపడితే బాప్తిస్మం తీసుకుంటుంది, ఆమె ఆత్మయినా దక్కుతుంది అనుకున్నానని ఒకటి. మా సంఘం బోధకు ద్రోహం చెయ్యకూడదు అనుకున్నానని ఇంకొకటి. రెండూ బాగానే ఉంటాయి. పగటిపూట నమ్ముతాను కూడా. కానీ ఆ క్షణం నాకు గుర్తుంది. దొర కండ్లద్దాలు తీసినప్పుడు, ఆ మాట అంత మెత్తగా చెప్పినప్పుడు, నా లోపల ఏదో పైకి లేచింది. నాకు దొరకనిది ఈమెకు ఎందుకు దొరకాల? పసివాడిగా నేను పొయ్యి ముందర వణికినప్పుడు ఎవరూ చెప్పని మాట, ఈ పరాయి ఆడమనిషికి అడిగిన వెంటనే ఎందుకు దొరకాల? అదేనా కారణం? అంత నీచుడినా? ఏమో. అట్లా అనుకుంటే నా పాపం పెద్దదైతుంది. పెద్ద పాపిని అనుకోవడంలో కూడా ఒక గర్వం ఉంటుంది గదా. అందుకని దాన్నీ నమ్మలేను.

తర్వాత ఒకసారి దొరా నేనూ ధర్మవరంలో దిగితే, నేతవాళ్ల వీధి మగవాళ్లు స్టేషను బయట అడ్డం నిలబడినారు. "ఆడమనిషి కడుపులో నిప్పు పోసి నవ్వుతావా? మా ఊర్లో అడుగు పెట్టినావంటే కాళ్లు ఇరగ్గొడతాం" అని అరిచినారు. దొర నా వైపు తిరిగి, ఏమంటున్నారు అని అడిగినాడు. అప్పుడైనా చెప్పొచ్చు. అక్కడే, ఆ ఎండలో, అందరి ముందరా, అటు ఇంగ్లీషులో ఒక మాట, ఇటు తెలుగులో ఒక మాట చెప్తే అయిపోయేది. వీళ్లకు క్రైస్తవులంటే గిట్టదంట అన్నాను. ఆయన టోపీ తీసి వాళ్లకు దండం పెట్టి, మళ్లీ ప్లాట్‌ఫారం మీదికి నడిచినాడు. ఇంకెప్పుడూ ధర్మవరం పోలేదు. యుద్ధం జరిగే కాలంలో హిందూపురంలోనే చచ్చిపోయినాడు. తప్పుడు బోధ చేసినవాడని మా సంఘం శ్మశానంలో చోటు ఇవ్వలేదు. బెంగుళూరు నుంచి ఎవరో వచ్చి పెట్టె రైల్లో వేసుకొని పోయినారు. నేను పెనుకొండ స్టేషనులో నిలబడి ఆ రైలును చూసినాను.

ఓబుళమ్మ బాప్తిస్మం తీసుకోలేదు. ఎవరి దేవుడి దగ్గరికీ పోలేదు. ఆమె చేసింది వేరే.

నా పెండ్లికి చీర కొనడానికి ఒక ఎండాకాలం ధర్మవరం పోయినాను. మిట్టమధ్యాహ్నం. చిత్రావతి ఇసుకలో చెలమ దగ్గర ఆమె కుండ నింపుకుంటోంది. నెత్తిన పెట్టుకొని గట్టు ఎక్కి, సమాధుల వైపు పోయింది. వాళ్ల కులంలో చచ్చినవాళ్లను కాల్చరు, పూడ్చిపెడతారు. నేతవాళ్ల ఇంటికి నన్ను ఆ దారిన తీసుకుపోతున్న చీరలతను చెప్పినాడు: "దినామూ పోస్తాదప్పా ఆయమ్మ. మొగుడు కాల్తాండాడంట. సల్లబడాలంట. ఎవురో దొర చెప్పిపోయినాడులే." అతను నవ్వలేదు. "ఈ ఎండలకు మాకు తాగేకే నీళ్లు లేవు. అయినా ఎవురూ వద్దనరు. ఎట్ల అంటారు?"

నేను చీర ఏ రంగుదో చూడకుండా కొన్నాను.

ఆ తర్వాత తలలో ఒకటే వాదన. మా సంఘం చెప్పేది నిజమైతే దొర అబద్ధం చెప్పమన్నాడు, నేను నిజం చెప్పినాను. అప్పుడు నాది పాపమా? దొర చెప్పింది నిజమైతే నిద్రపోయే మనిషిని నేను మంటల్లో వేసినాను. ఇద్దరిదీ తప్పైతే? చచ్చినాక ఏమైతుందో ఎవరికీ తెలియకపోతే? అప్పుడు మిగిలేది ఒక్కటే, ఎండలో ఆడమనిషి, నెత్తిన కుండ. మూడు దారుల్లో దేంట్లో పోయినా ఆమే ఎదురొస్తుంది. బైబిలు తెరిస్తే దొర చూపించిన వాక్యాలూ కనిపిస్తాయి, మా పాదిరిగారు చూపించేవీ కనిపిస్తాయి. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. నేనేం చెయ్యాల?

చెప్పేద్దామని ఒకసారి గట్టిగా అనుకొని పోయినాను. దొర పోయిన తర్వాత సంవత్సరం. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆమె గట్టు మీద కూర్చొని ఉంది. చానా చిక్కిపోయింది. నన్ను గుర్తుపట్టలేదు. నేను నోరు తెరిచే లోపలే అడిగింది.

"ఏమప్పా, ఈ కుండ రోంత ఎత్తుకొస్తావా? సెయ్యి నొస్తాండాది."

ఎత్తుకున్నాను. ఆమె ముందు, నేను వెనక. సమాధి మీద మన్ను నల్లగా, తడిగా ఉంది, చుట్టుపక్కల నేలంతా బీటలు. "తల కాడ పొయ్యి నాయనా, ఆడ ఎక్కువ పొయ్యి" అంది. పోసినాను. నీళ్లు ఇంకుతుంటే ఆమె కండ్లు మూసుకొని నిలబడింది. ఆమె మొహంలో ఏదో తెరిపి కనిపించింది. అది చూసి నేను ఇంకా తికమకపడినాను. మొగుడు నిద్రపోతున్నాడమ్మా, ఇన్నేండ్లు ఊరికే మోసినావు అని చెబితే, నేను ఆమెకు ఇచ్చేదేమిటి, లాక్కునేదేమిటి? ఇది జాలా, పిరికితనమా? పిరికితనమే అని ఇప్పుడు రాస్తున్నాను.

"నీ కడుపు సల్లగుండ" అని నన్ను దీవించింది.

నేను రైలెక్కి వచ్చేసినాను.

ఆమె పోయి రెండేండ్లైంది. తెల్లవాళ్లు దేశం వదిలిపోయిన సంవత్సరమే. ఎక్కడ పూడ్చినారో నేను అడగలేదు. ఇప్పుడు నా బడిలో పిల్లలు నరకం గురించి అడుగుతారు. పాఠంలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపిస్తాను, పుస్తకం మూసేస్తాను. నాకు తెలియదు అని చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

మిమ్మల్ని క్షమాపణ అడగను. ఇచ్చే హక్కు ఉన్నవాళ్లిద్దరూ లేరు. వాళ్లు ఉన్నచోటు గురించి నోరెత్తే హక్కు నాకు లేదు. ఒక ముసలాయన చెప్పిన మంచి మాటను నేను నా నోట్లో చంపేసినాను. ఒక ఆడమనిషి బతుకును నా అబద్ధం మీద నిలబెట్టినాను. ఆ నింద ఆయన మీద వేసినాను. ఇంతే. ఇంతకాలం దీన్ని ఇంత సూటిగా నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఇంతవరకు రాసి కలం కింద పెట్టినాను. లోపల నా భార్య గిన్నెలు సర్దుతోంది, అన్నానికి రమ్మని రెండోసారి పిలిచింది. విచిత్రంగా, ఆకలి అవుతోంది. సిగ్గుగా కూడా ఉంది. ఇట్లాంటిది చెప్పుకున్నాక మనిషికి ఆకలి కావచ్చునా? తెలియదు. లేచి పోతున్నాను.