ముగ్గు గీతల ఇంట్లోకి అక్క బర్రె

ఇప్పుడు మా ఇబ్రహీంపట్నంలో కొత్త కాలనీ వస్తుందంటే ప్లానును ఆఫీసు గోడకు అతికించి, అభ్యంతరాలుంటే చెప్పుకొమ్మంటారు. దాని ముందు నిలబడేది బస్సు కోసం నీడ వెతుక్కునేవాళ్లే. మేము కుర్రాళ్లుగా ఉన్ననాడు ప్లానంటే నేల మీద పోసిన ముగ్గు. జనం అందులోకి నడిచి వెళ్లి మరీ అభిప్రాయం చెప్పేవారు. అలాంటి ఒక సభలో, మీసం సరిగా రాని వయసులో, ఇంజనీరును నిలబెట్టి మాట్లాడి సర్కారు ప్లానునే మార్పించిన ఘనత నాది. సాగర్ రోడ్డు దిగి ఆ కాలనీలోకి వెళితే ప్రతి ఇంటి వెనకా కనిపించే పశువుల కొట్టం జాగా నా వాక్చాతుర్యం పుణ్యమే. (వక్తగా వెళ్లానని మాత్రం అనుకోకండి. ముగ్గు తట్ట మోసే కూలీగా వెళ్లాను.)

ఇల్లు లేనివాళ్లకు ఇళ్లు కట్టిస్తున్నారు, వచ్చి చూసుకోండని డప్పు చాటింపు వేయించారు. ఇంజనీరు మంచివాడు. కాగితం చూపిస్తే అందరూ తలూపి ఊరుకుంటున్నారని గ్రహించి, ఒక ఇంటిని అసలు కొలతలతో ముగ్గు పోయించి, "లోపలికి వచ్చి చూసి, ఏం మార్చాలో చెప్పండి" అన్నాడు. ఇక చూడాలి. అందరూ చెప్పులు గీత బయట విడిచి, లేని గోడలను దాటకుండా, తలుపుండే చోటు నుంచే తల వంచి వచ్చారు. ఒకామె వంటింట్లో కూర్చుని రొట్టె కొట్టినట్టు చేతులాడించి, "మోచెయ్యి గోడకు తాకుతుంది సారూ" అంది. మా పెద్దనాయన దక్షిణం వైపు తల పెట్టి వెల్లకిలా పడుకున్నాడు. పాదాలు గీత దాటాయి. "కాళ్లు పక్కింట్ల పంటున్నయ్ సారూ. వాళ్లొప్పుకుంటరో లేదో అడుగు."

మా అక్క మాత్రం నవ్వలేదు. బావ పోయాక ఇద్దరు పిల్లలను సాకుతున్నది ఒక్క బర్రె పాల మీద. ప్లానులో వెనక గోడ దాటితే పక్క వరుస గోడే, కొట్టానికి జానెడు చోటు లేదు. "బర్రెను యాడ కట్టాలె సారూ?" అంది. ఊరి బయట అందరికీ కలిపి షెడ్డు వేయిస్తామన్నాడాయన. "చీకట్ల లేసి నేను పాలు పిండనీకి ఊరవతలికి పోతే పిల్లలకాడ ఎవరుంటరు? నువ్వుంటవా?" ఆయనకూ విసుగొచ్చింది. "అయితే నీకు ఇల్లు వద్దని రాసుకోమంటావా?" అక్క చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఇల్లు పోయిందనుకున్నాను. రక్తం ఉడికింది. "సార్" అన్నాను గట్టిగా. ఆయన నా వైపు తిరిగి "ఏం?" అన్నాడు. "ముగ్గు అయిపోవచ్చింది సార్" అన్నాను. (నా వాక్చాతుర్యం మొత్తం ఇంతే.)

అంతలో అక్క బర్రెను పట్టుకుని వచ్చింది. అదీ తలుపు నుంచే వచ్చింది, ముందు గదిని, వంటింటిని తొక్కుకుంటూ పోయి, నడిమధ్య నిలబడి పేడ వేసింది. పడుకున్న చోటు నుంచి లేవకుండానే పెద్దనాయన, "ఆవు దొరకకపాయె, బర్రెతోనే గృహప్రవేశం అయిపాయె. ఇగ ఈ ఇల్లు ఆమెదే సారూ" అన్నాడు. ఇంజనీరుకూ నవ్వు ఆగలేదు. వెనక గోడలు ముందుకు జరిపి కొట్టాలకు చోటు విడుస్తామని అందరి ముందూ చెప్పాడు.

ఇప్పుడు ఆ కొట్టంలో అక్క మనవడి బైకు ఉంటుంది. ఇదంతా రాసి, ఆ ఇంటి అరుగు మీదే అక్కకు చదివి వినిపించాను. తట్ట నెత్తిన పెట్టుకుని నోరు పెగలక నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ ముద్దే. అక్కకు కూడా ముద్దొస్తాడనుకున్నాను.

"ఆ సారు నవ్విండు, జరుపుతమన్నడు, జీపెక్కిండు. మల్ల రాలే" అంది అక్క. "మేస్త్రి పాత గీత మీదనే పునాది తవ్వబట్టిండు. మేం ఆడోళ్లం పోయి ఆ గుంతలల్ల కూసున్నం, గీత జరిపేదాంక లేవలే. నువ్వప్పుడు పట్నంల సినిమా చూడవోయినవ్. అది గూడ రాయి."