కోపం మీద పరిగెత్తే వదిన

"చూడవయ్యా దీని పొగరు! 'మీరు చాలా బాగా పరిగెత్తారు' అంటోంది. నేను పరిగెత్తానా? మలుపు దాకా వెళ్ళి కరెంటు స్తంభాన్ని కావలించుకుని నిలబడ్డాను. కళ్ళు తిరుగుతున్నాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. దీన్ని పట్టుకుని బాగా పరిగెత్తారంటుందా? నన్ను వెక్కిరిస్తోందా, లేక నాకేం తెలీదనుకుంటోందా?"

వదిన ఇలా దులిపేస్తున్నది మనిషిని కాదు, చేతిలో ఉన్న ఫోనుని. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళకి ధైర్యం చెప్పే ఆడగొంతు ఒకటి అందులో ఉంది. ఇప్పుడు నడవండి, ఇప్పుడు పరిగెత్తండి, శభాష్ అంటూ ఉంటుంది.

"అది యంత్రం వదినా. అందరితోనూ అలాగే అంటుంది."

"అదే నా బాధ! అందరితో అనే మాట నాతో ఎందుకనాలి? పైగా ఆ గొంతు ఎవరిదనుకున్నావు? రోజంతా కౌంటర్లో కూర్చుని నేను వాడే గొంతే. లోపల ఒకటి పెట్టుకుని పైకి తేనె పూసే గొంతు. నా దగ్గరా దీని వేషాలు!"

ఆ ఊపులో స్తంభాన్ని వదిలేసి మళ్ళీ పరుగందుకుంది. నేను నీళ్ళ సీసా సంచిలో పడేసి, సైకిలెక్కి వెనకపడ్డాను.

మా వదిన గురించి మొదట తెలుసుకోవలసింది ఇదే. కోపం రానిదే ఆవిడ కాలు కదలదు. కొందరు ఆరోగ్యం కోసం పరిగెత్తుతారు, కొందరు సన్నబడటానికి పరిగెత్తుతారు. మా వదిన ఎవరో ఒకరి మీద మండిపడుతూ పరిగెత్తుతుంది. మంట చల్లారిందా, ఉన్నచోటే ఆగిపోతుంది.

దీనికి కారణం ఆవిడ ఉద్యోగం. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు ఆవిడది. అద్దానికి మధ్యలో గుండ్రటి కన్నం ఉంటుంది. వచ్చినవాళ్ళు ఆ కన్నంలో మూతి పెట్టి అరుస్తారు. అద్దం ఇవతల వదిన "తప్పకుండా చూస్తామండి" అంటుంది. ఫోన్ మోగితే అందులోనూ అదే మాట. ఒకాయన గోధుమరంగు నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి, "ఏదీ, మీరు తాగి చూపించండి" అన్నాడట. వదిన నవ్వుతూ, "తప్పకుండా చూస్తామండి" అందట. ఏళ్ళ తరబడి అలా మింగిన కోపమంతా లోపల ట్యాంకు నిండా చేరింది.

ఒకరోజు ఆ ట్యాంకు పొంగింది. ఆఫీసుకి ఆలస్యమై బస్సు కోసం పరిగెడుతుంటే, కండక్టరు వెనక్కి చూసి డ్రైవరుతో, "పోనీ పోనీ, ఆవిడ ఎలాగూ అందుకోదు" అన్నాడు. అది వదిన చెవిన పడింది. అంతే, భుజాన సంచీ ఎగురుతూ ఉండగా రెండు స్టాపులు వెంటపడి బస్సెక్కేసింది. ఎక్కి, ఊపిరి కూడా తీసుకోకుండా, "ఎవరయ్యా అందుకోలేనిది?" అంది. సాయంత్రం ఇంటికొచ్చి, "నేను పరిగెత్తగలనని ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదేం?" అని అన్నయ్య మీద విరుచుకుపడింది.

మర్నాడు కొత్త బూట్లు వచ్చాయి. ఆ మర్నాడు తెల్లవారుతూనే వదిన మహా ఉల్లాసంగా, పక్షుల కూతలు వింటూ బయల్దేరింది. వీధి సగం కూడా దాటలేదు. ఎవరింటి అరుగు మీదో కూలబడి, "నాకు చేతకాదయ్యా, మొన్న ఏదో పూనింది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అంతలో చంటిపిల్లని తోపుడుబండిలో పడుకోబెట్టుకున్న తల్లి ఒకతె, ఫోన్లో మాట్లాడుకుంటూ, మా ముందునుంచి పరుగున వెళ్ళిపోయింది.

"బండి తోసుకుంటూ కూడానా!" అంది వదిన లేస్తూ. "మాట్లాడుకుంటూ కూడానా!"

ఆ రోజు పార్కు గోడ దాకా వెళ్ళాం. రహస్యం అప్పుడు తెలిసింది.

అక్కడినుంచి మా అన్నయ్యకి కష్టాలు మొదలయ్యాయి. అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం పెట్టుకుని, ఊపిరి కూడా మెల్లగా వదిలే మనిషి. పెళ్ళయిన నాటినుంచి ఒకరికి కోపం తెప్పించిన పాపాన పోలేదు. అలాంటివాడికి పొద్దున్నే లేచి పెళ్ళానికి కోపం తెప్పించే డ్యూటీ పడింది.

తడి తువ్వాలు మంచం మీద వేశాడు. టీలో పంచదార మానేశాడు. ఒకరోజు ధైర్యం చేసి కుడికాలి బూటు దాచేశాడు. వదిన భగ్గుమంది. బ్రహ్మాండమైన పరుగు ఖాయమనుకుంటూ నేను సైకిలు తీశాను. గుమ్మం దాటేలోగా అన్నయ్య వెనకాలే వచ్చి, "తప్పయిపోయిందే, బియ్యం డబ్బా వెనక పెట్టాను, ఏమీ అనుకోకు" అన్నాడు.

మలుపు దగ్గరే వదిన ఆగిపోయింది.

"క్షమాపణ చెప్పేశాడయ్యా! ఇప్పుడు నేనెలా పరిగెత్తను? కోపం తెప్పించడం కూడా చేతకాని మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాను చూడు!"

ఆ మాట అంటున్నకొద్దీ కోపం వచ్చి, ఇంకో రెండు వీధులు పరిగెత్తింది.

ఇక ఆఫీసులో మీటర్లు చూసే ఆయన ఉన్నాడు. వదిన పరుగు సంగతి విని, "నీళ్ళ ట్యాంకు దాకా ఆగకుండా వెళ్ళగలరా మేడమ్? బండి మీదా?" అని పళ్ళికిలించాడట. నీళ్ళ ట్యాంకు మా ఇంటికి దూరమే, పైగా చివర్లో ఎత్తు. వదిన ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని, "ఆగకుండా ట్యాంకు ముట్టుకుంటాను. ముట్టుకుని, ఫోటో తీయించుకుని, ఆ పళ్ళ ముందు పెడతాను. చూస్తూండండి" అని ప్రకటించింది. అప్పటినుంచి ఇంట్లో అందరికీ అదే ధ్యాస. ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది.

ఎక్కడ ఆగేదో చెబితే మీకూ ఒళ్ళు మండుతుంది. దారిలో ఒక నీలం గేటుంది. ఆ ఇంట్లో రైలు గార్డుగా చేసి రిటైరయిన పెద్దాయన ఒక్కడే ఉంటాడు. గోడ మీదనుంచి ఒక తీగ దారి మీదికి వేలాడుతుంది. అది ఎవరికీ తగిలింది లేదు. కానీ వదినకి ఆ తీగంటే పడదు. ఎంత ఊపులో ఉన్నా సరే, ఆ గేటు రాగానే బ్రేకు వేసినట్టు ఆగేది.

"ఏమండీ పెద్దాయనా! ఈ తీగేంటండీ? మనుషులు నడవాలా, పాకాలా?"

పెద్దాయన బయటికొచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, చేతిలో చిన్న కత్తెర. ఆ కత్తెరతో ఒక్క ఆకు కూడా కోసేవాడు కాదు.

"నువ్వు పరిగెత్తుతున్నావా అమ్మా? గూడ్సు బండేమో అనుకున్నాను. పక్కకి తప్పుకుని దారివ్వు, వెనకాల ఎక్స్‌ప్రెస్ వస్తోంది." ఆ ఎక్స్‌ప్రెస్ అంటే నా సైకిలు.

"గూడ్సు బండా! ముందు మీ పట్టాలు బాగుచేసుకోండి!"

"నేను జెండా ఊపితేగానీ రైలు కదిలేది కాదు. నువ్వు నాకు దారి గురించి చెప్తావా?"

"మరి ఊపండి! ఆ తీగ ఎటైనా పోతుందేమో చూద్దాం!"

అలా ఒక విడత అయ్యాక, "గూడ్సు బండంటాడా నన్ను!" అని గొణుక్కుంటూ వదిన బాణంలా ట్యాంకు దాకా వెళ్ళేది. కానీ ఏం లాభం? మధ్యలో ఆగిందిగా. ఆ పరుగు లెక్కలోకి రాదు.

నాకు మాత్రం మహా చిరాగ్గా ఉండేది. తోడెవరూ లేని పెద్దమనిషి. ఆయన మానాన ఆయన్ని బతకనివ్వచ్చు కదా! తిట్టుకోవడానికి ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా? కండక్టరున్నాడు, మీటర్లాయన ఉన్నాడు, ఫోన్లో ఆడమనిషి ఉంది. ఒకసారి అనేశాను కూడా.

"వదినా, పోనీ పక్క సందులోంచి వెళ్దాం. దూరం కూడా తగ్గుతుంది."

"ఎందుకెళ్ళాలి? ఆయన తీగకి భయపడి నేను దారి మార్చుకోవాలా? బాగుందయ్యా న్యాయం!"

అలా ఉండగా ఒక అద్భుతమైన పొద్దు వచ్చింది. ముందురోజు మీటర్లాయన "ట్యాంకు మిమ్మల్నే అడుగుతోంది మేడమ్" అన్నాడట. ఆ మంట మీద వదిన బయల్దేరింది. అలాంటి పరుగు నేనెప్పుడూ చూడలేదు. ఊపిరి పాటకి తాళం వేసినట్టు పడుతోంది. మొహంలో కోపంతో పాటు ఏదో సంతోషం కూడా ఉంది. ఒకసారి నావైపు తిరిగి, "ఏమయ్యా, నొప్పి లేదు! ఎక్కడా నొప్పి లేదు!" అని చిన్నపిల్లలా అరిచింది. తోపుడుబండి తల్లిని దాటేశాం. నీలం గేటు దగ్గరికొచ్చాం. నా అదృష్టం కొద్దీ పెద్దాయన బయట లేడు. తలుపు మూసి ఉంది. ఇంకేం, ట్యాంకు మాదే అనుకుని నేను జేబులోంచి ఫోను తీసి ఫోటోకి సిద్ధం చేసుకున్నాను.

గేటు దాటి నాలుగడుగులు వేసి వదిన ఆగింది. వెనక్కొచ్చింది. గేటు గొళ్ళెం పట్టుకుని ఊరంతా లేచేలా టకటకా కొట్టడం మొదలుపెట్టింది.

"పెద్దాయనా! ఏమండీ! ఈ తీగ ఇవాళ నా కంట్లో గుచ్చుకుంది! లోపల దాక్కుంటే ఊరుకుంటాననుకున్నారా?"

తీగ ఆవిడ కంటికి మూరెడు దూరంలో ఉంది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. పెద్దాయన నలిగిన లుంగీతో, పెరిగిన గడ్డంతో వచ్చాడు. ముందు గొణిగాడు. వదిన ఇంకా రెచ్చిపోయింది. ఆయనా మెల్లగా గొంతు పెంచాడు. చివరికి "గూడ్సు బండి కూడా వేళకి వస్తుంది, నీకు అదీ లేదు" అన్నాక వదిన వదిలిపెట్టింది.

నేను నిజంగానే కేకలేశాను. "ఏం మనిషివి వదినా? ఇవాళ అయిపోయేది! ఇంకొక్క వీధి! ముసలాయన నిద్ర చెడగొట్టడానికి అంతా తగలేశావే!"

"ఏమో, కోపం ఆపుకోలేకపోయాను" అని వదిన కాళ్ళు ఈడ్చుకుంటూ ఇంటిదారి పట్టింది. దారంతా ఒక్కరిని తిట్టలేదు.

అసలు సంగతి నిన్న తెలిసింది. మొన్న రాత్రి బల్బు మార్చడానికి స్టూలెక్కి, దిగుతూ వదిన మడమ బెణికించుకుంది. నిన్న పొద్దున నేను లేచి చూసేసరికి కాలికి కట్టుతో, దిండు మీద పాదం పెట్టుకుని, స్టూలుని తిడుతోంది. అన్నయ్య, తప్పు తనదే అన్నట్టు, స్టూలు పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇంత దూరం పరిగెత్తే కాలు, ఒక్క అడుగు దిగడానికి పనికిరాలేదు చూడు! ఏమయ్యా, టైమెంత? నువ్వింకా ఇక్కడే ఉన్నావేం? సైకిలు తీయి."

"నేనెందుకు? నువ్వు రాలేవుగా."

వదిన అన్నయ్యకేసి చూసింది. అన్నయ్య తల వంచుకున్నాడు. ఆయనకి ముందే తెలుసని అప్పుడర్థమైంది.

"ఆ గార్డుగారు వారం వారం మా ఆఫీసుకి ఫోన్ చేసేవాడు" అంది వదిన. "నీళ్ళ వాసన, నీళ్ళ రంగు, మీటరు చప్పుడు. ఆయన మాట్లాడుతుంటే వెనకనుంచి వాళ్ళావిడ అందించేది, 'ట్యాంకు మూత గురించి కూడా చెప్పండి' అని. ఇద్దరూ కలిసి నా ప్రాణం తీసేవాళ్ళు. తర్వాత ఆవిడ పోయిందట. ఫోన్లు ఆగిపోయాయి. ఆఫీసులో అందరూ హమ్మయ్య అన్నారు. నాకు మాత్రం భయమేసింది. ఆ వీధికి నీళ్ళు బాగా వచ్చేస్తున్నాయా? ఏమీ రావట్లేదు, నాకు తెలుసు!"

"వెళ్ళి పలకరించకపోయావా?"

"వెళ్ళాను. మర్యాదగా, కౌంటరు గొంతుతో, 'బాగున్నారాండీ' అన్నాను. 'ఏమీ వద్దమ్మా' అని కిటికీ రెక్క మూసేశాడు. రెండోసారీ అంతే. తర్వాత ఒకరోజు, నువ్వు రానప్పుడు, ఒక్కదాన్నే పరిగెత్తుతుంటే ఆ తీగ నిజంగానే జుట్టుకి చిక్కుకుంది. ఒళ్ళు మండి నాలుగు మాటలు అనేశాను. ముసలాయన దడదడా బయటికొచ్చాడు! మర్నాడు చూస్తే గడ్డం గీసుకుని, చొక్కా తొడుక్కుని, గేటు దగ్గర నిలబడ్డాడు. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న జవాబు నాకు చెప్పడానికి. కోపముంటే మనిషి మంచం దిగుతాడయ్యా. నా కాళ్ళ సంగతి నాకు తెలీదూ?"

"మరి ట్యాంకు?"

"దానికేం తొందర, అదెక్కడికీ పోదు. మీటర్లాయన పళ్ళూ ఎక్కడికీ పోవు. ఇవాళ నేను రాకపోతే ఈయన మాత్రం మళ్ళీ ఆ తలుపేసుకుంటాడు. కాబట్టి నువ్వెళ్ళు."

"వెళ్ళి?"

"తిట్టు."

"నేనా! ఏమని తిట్టను వదినా? పెద్దాయన్ని, ముఖం మీద..."

"తీగ ఉంది, గేటు తుప్పు ఉంది, ఏదీ దొరక్కపోతే ఆయన కత్తెరని తిట్టు. బెరుగ్గా నిలబడి నమస్కారాలు పెట్టకు. గట్టిగా అరువు, కాస్త చెవుడు కూడా ఉంది. ఆయన నిన్నొక మాటంటే నువ్వు రెండనాలి, కానీ చివరి మాట మాత్రం ఆయనకే వదిలెయ్యి. లేకపోతే రేపటికి ఆయనకి ఉత్సాహముండదు."

నేను సైకిలు తాళం తీసుకుని గుమ్మం దాకా వెళ్ళాను.

"ఇదిగో, ఏమయ్యా!" వెనకనుంచి వదిన కేకేసింది. "నేను కాలు బెణికించుకుని పడున్నానని మాత్రం చెప్పి చచ్చేవు! ఆయనగానీ జాలిపడ్డాడంటే ఇక నాతో పోట్లాడడు. ఆయనతో గొడవెందుకని ఇవాళ నేనే రావడం మానేశానని చెప్పు. చెప్పి, గూడ్సు బండి ఎవరో తేల్చుకునే దాకా ఆ గేటు వదలకు, వెళ్ళు!"