ఏడాది మారని కుండ

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో వందల కొద్దీ ప్రాణాలు పోతాయి. గోడల మీద నెత్తురు చారలు కడుతుంది. అక్కాచెల్లెళ్ళు ఒకరి రక్తం ఒకరు కళ్ళజూస్తారు. చివరికి ఒక ముసలి రాణి తన రాజ్యాన్ని తన చేతుల్తోనే ముక్కలు చేసుకుంటుంది.

అంత లేదు. పోయిన ప్రాణాలు నల్లులవి. గోడ మీది నెత్తురు మాదే, ఏడాది పొడుగునా నల్లులు తాగి దాచి పెట్టుకొన్నది. ముసలి రాణి మా అవ్వ, నాన్నకు అమ్మ. రాజ్యం ఒక మసి కుండ. తమిళనాడు ధర్మపురిలో మా ఇంట్లో ఉగాదికి ముందు రెండు రోజులు ఇల్లు దులిపేవాళ్ళం, అంతే కథ.

ఎనబైల మొదట్లో అనుకోండి. నాకు పన్నెండేళ్ళు, అక్కకు పదునాలుగు. మాకు బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, కొట్లాటలో రెండూ. నాన్నకు సరిగ్గా ఆ రెండు రోజులూ కంబైనల్లూరులో ఏదో అర్జెంటు పని పడేది. ఆ పని ఏమిటో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. కాబట్టి సైన్యం అంటే అమ్మ, అక్క, నేను. అవ్వ ఎదుటి పక్షం.

పిల్లలకు శుభ్రం మీద ప్రేమ ఉండదని అమ్మకు బాగా తెలుసు. పగలగొట్టడం మీద ఉంటుందనీ తెలుసు. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఏడాదంతా పొయ్యి మీద కాగిన మట్టికుండలు కొత్త ఏడాదిలో పొయ్యి ఎక్కకూడదు. ఉగాదికి ముందే వాటిని పెరట్లో బండకేసి కొట్టి, కొత్తవి తెచ్చుకోవాలి. ఈ పద్ధతిని అమ్మ కూలి కింద మార్చేసింది. ఒక గది దులిపి, కడిగి, సున్నం కొట్టి చూపిస్తే ఒక కుండ నీది. తీసుకుపోయి నీ ఇష్టం వచ్చినట్టు చంపుకో.

మీరు ఎప్పుడైనా పప్పుకుండను రెండు చేతులా తలపైకి ఎత్తి బండ మీద వేసినారా? లేకపోతే మీ బాల్యం సగమే. బడిలో పంతులు కొట్టిన దెబ్బలు, అక్క గిల్లిన గిల్లుళ్ళు, అన్నీ ఆ ఒక్క చప్పుడులో పోతాయి. ఒక కుండ కోసం మేము అటక మీద పాకి, ముక్కు నిండా బూజు పీల్చినాము. గదిలో పని నెమ్మదిస్తే అమ్మ ఏమీ అనేది కాదు. పెరట్లోకి పోయి పులుసుకుండను వేలితో ఒకసారి 'ఠంగ్' మనిపించేది. మేము మళ్ళీ పొరక పట్టుకొనేవాళ్ళం.

ఇన్ని కుండల్లో చావు లేనిది ఒకటే, అవ్వ సంగటి కుండ. అది అవ్వకు వాళ్ళ అత్త ఇచ్చింది. నల్లగా, బండగా, నాకంటే బరువు. అమ్మకు దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. రోజూ దాన్ని ఎత్తి దించి ఆమె నడుము పోయింది. అలుమినియం కుండ కొందామంటే అవ్వ, "నేను పోయినాక కొనుక్కో" అనేది. అంటూ పోకుండా కూర్చునేది.

మరి పద్ధతి సంగతి? అవ్వ దానికి దారి కనిపెట్టింది. మా వీధిలో అందరూ మావాళ్ళే, ఒక్క పక్కిల్లు తప్ప. అది తమిళం వాళ్ళ పెద్దమ్మది. వాళ్ళకు ఏడాది మారేది ఉగాది అయినాక, చిత్తిరై నెలలో. అందుకని ఉగాదికి ముందురోజు అవ్వ కుండను చంకనెత్తుకొని పోయి ఆ ఇంట్లో పెట్టి వచ్చేది. కుండ అక్కడ నిద్ర చేసేది. ఆ ఇంట్లో ఏడాది మారలేదు గదా, కాబట్టి కుండకు వయసు పెరగలేదు. ఉగాది పొద్దున పెద్దమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి పంపించేది, అవ్వ కొత్త కుండ వచ్చిందని ఎదురుపోయి తెచ్చుకొనేది. చిత్తిరైలో కుండ మా ఇంట్లో ఉండేది కాబట్టి ఆ ఏడాదీ దాన్ని తాకేది కాదు. రెండు క్యాలెండర్ల మధ్య నుంచి జారిపోయి ముప్పై ఏళ్ళుగా బతుకుతూ వచ్చింది ఆ కుండ.

నేను చెప్పే ఏడాది అమ్మ ఓపిక అయిపోయింది. మొదటి రోజు పొద్దునే పొరకలు పంచుతూ, నాతో మెల్లగా అన్నది: "వెనక చిన్నగది నువ్వు ఒక్కదానివే చేస్తే, సంగటి కుండ నీది."

చిన్నగది అంటే కట్టెలు, రాగుల మూటలు, చిరిగిన బొంతలు, ఎలుకలు, తేళ్ళు. దాన్ని ఏ ఏడాదీ ఎవరూ పూర్తిగా దులపలేదు. 

"అవ్వ పక్కింటికి ఎత్తుకొని పోతాది గదా?" అన్నాను.

"పక్కింటి వాళ్ళు హొగేనక్కల్ పోయినారు, చుట్టాల ఇంటికి. వచ్చేది ఎల్లుండి," అన్నది అమ్మ. ఇంత చిన్న నవ్వు ఆ మూతి మీద నేను ఎప్పుడూ చూడలేదు.

మొదటి రోజు మంచాలు. నులక మంచాలను వీధిలోకి లాగి నేలకేసి బాదితే నల్లులు రాలేవి. మంచం కోళ్ళ సందుల్లో మరిగే నీళ్ళు పోసేది అమ్మ. అక్కా నేనూ ఒక్కొక్క మంచం పంచుకొని, రాలినవాటిని, గోడ ఎక్కేవాటిని చెప్పుతో రాసినాము. ఎక్కువ చంపినవాళ్ళకు పులుసుకుండ. నేను యాబై దగ్గర ఉంటే అక్క నా మంచం కింద రాలినవి కూడా తన లెక్కలో వేసుకొన్నది.

"అవి నావే."

"పేరు రాసి ఉండాదా?"

"నా రక్తం తాగినవి. నావే."

అక్క పొరక తిప్పి కట్టెతో నా నొసట కొట్టింది. నేను ఆమె ముంజేయి కొరికినాను. ఎడమ కనుబొమ్మ మీద నాకు ఇప్పటికీ ఒక గీత ఉంది, అక్క చేతిమీద నా పై పళ్ళు నాలుగు ఉన్నాయి. అమ్మ వచ్చి ఇద్దరికీ సమానంగా రెండేసి వేసి, పులుసుకుండను తనే పగలగొట్టుకొన్నది. చాలా తృప్తిగా కనిపించింది.

రెండో రోజు నేను చిన్నగదిలోకి దిగినాను. మధ్యాహ్నానికి రెండు తేళ్ళు, ఒక జెర్రి. మూడో తేలు బొంత మడతలోంచి నా పాదం మీదికి నడిచింది. నేను కదలకుండా అరవై లెక్కపెట్టి, అది దిగినాక చెక్కముక్కతో చాలాసేపు కొట్టినాను, అది చచ్చిన తరువాత కూడా. ఇంత ఉత్సాహంగా నేను ఏ పనీ చేసి ఎరగను.

అప్పుడే అవ్వ కుండ ఎత్తుకొని పక్కింటికి పోయి, తాళం చూసి వచ్చింది. రెండు వీధులవతల అంతా తమిళం వాళ్ళే, కానీ ముఖం తెలియని ఇంటికి మసి కుండతో పోయి, ఈ రాత్రికి దీన్ని పడుకోబెట్టుకోండి అని ఎట్లా అడుగుతుంది? పెరట్లో వేపచెట్టు కింద కూర్చొని, కుండను పక్కన నిలబెట్టకుండా పొర్లించి పెట్టింది. అది ఆమె ఒడిలో తల పెట్టుకొన్నట్టు ఉండింది. నేను కట్టెలు బయటికి మోస్తూ ఉంటే పిలిచింది.

"ఏమే. నువ్వా కొట్టేది?"

"గది అయిపోతే కొడతాను అవ్వా. పద్ధతి."

"పద్ధతి నేర్పింది నేనే గదే."

"బాగా నేర్పినావు."

అవ్వ నవ్వలేదు. కుండ మీద చెయ్యి వేసి, "మా అత్త దీంతోనే నన్ను ఒకసారి తోసి పడేసింది," అన్నది. "ఇదిగో, ఇక్కడ." మోచెయ్యి చూపించింది. ఎముక వంకరగా అతికి ఉంది. అట్లాంటి కుండను ఎందుకు దాచుకొన్నావని నేను అడగలేదు. నాకు ఇంకా నాలుగు మూటలు ఉండినాయి.

ఆఖరి మూట వెనక దొరికింది ఎలుక గూడు. పచ్చటి దారాల ముద్ద, మధ్యలో గులాబి రంగు పిల్లలు ఆరు. చేటలో ఎత్తుకొని పెరట్లోకి తెచ్చినాను, అక్కను భయపెడదామని. అక్క భయపడలేదు. అవ్వ లేచి నిలబడింది.

అది దారాల ముద్ద కాదు. అవ్వ ఉగాది చీర. మా చేతులు పడకుండా రాగుల మూటల వెనక దాచి పెట్టుకొన్నది. ఏడాదికి ఒక్కటే కొత్త చీర ఆమెకు.

ఆ క్షణంలోనే తల్లి ఎలుక నేను బయట పెట్టిన మూటలోంచి ఊడిపడింది. నేను అరిచినాను, అక్క పీట విసిరింది, పీట సున్నం బక్కెట్టుకు తగిలి పెరడంతా తెల్లబడింది. ఎలుక గోడ దాకా పోయి, తిరిగి, అందరి కాళ్ళ మధ్య నుంచి వచ్చి, పొర్లి ఉన్న సంగటి కుండలోకి దూరింది.

లోపల గీరుతున్న చప్పుడు వినిపించింది.

అమ్మ చేతిలో రోకలి ఉంది. పదిహేనేళ్ళుగా ఆ కుండ పోవాలని ఎదురుచూసిన మనిషి. రోకలి ఎత్తింది. ఎత్తి, ఆగి, దించింది.

"అత్తా, గుడ్డ మూసి బయటికి తీసుకుపోయి విదిలిస్తాము," అన్నది.

"రోకలి ఇట్లియ్యి," అన్నది అవ్వ.

"కుండ పోతాది అత్తా."

"ఇయ్యి."

మొదటి దెబ్బకే కుండ రెండయింది. ఎలుక అక్క కాళ్ళ సందులోంచి దూసుకుపోయి, నేను పొద్దుటి నుంచి దులిపిన చిన్నగదిలోకి వెళ్ళిపోయింది. అవ్వ ఆగలేదు. రెండు ముక్కలను నాలుగు చేసింది, నాలుగును పెంకులు చేసింది, పెంకులను మట్టి చేసింది. చేటలోని పిల్లల మీద కూడా ఒకటి పడింది. వంకర మోచెయ్యి ప్రతి దెబ్బకూ పక్కకు పోతూ ఉంది. అమ్మ వెనక నుంచి పోయి, ఆమె రెండు చేతులూ పట్టుకొని, మెల్లగా రోకలి తీసుకొన్నది.

"గది అయిపోయింది. మరి నాకు ఏ కుండ?" అన్నాను.

ఆ ఏడాది ఆఖరి దెబ్బ నాకు పడింది.

ఉగాది పొద్దున ఇల్లు తెల్లగా మెరిసిపోతూ ఉంది. పొయ్యి ఖాళీగా ఉంది. కొత్త పప్పుకుండా పులుసుకుండా వచ్చినాయి, సంగటి కుండ మాత్రం తెమ్మని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పాత చీరే ఉతికి కట్టుకొన్న అవ్వ వైపు చూడకుండా, తను కూడా కొత్తది కట్టుకోకుండా, అమ్మ పొయ్యి ముందర ఊరికే నిలబడింది.

"అటక మీద కంబళి వెనక పెట్టినావు గదా," అన్నది అవ్వ. "తీయి."

అమ్మ రెండేళ్ళ ముందే కొని దాచిన అలుమినియం కుండ. దులిపేటప్పుడు అక్కడే పాకినా, నేనూ అక్కా చూడలేదు. అవ్వ ఎప్పుడో చూసింది.

అమ్మ సంగటి కెలికింది. అవ్వ తినింది. ఎట్లా ఉంది అని అమ్మ అడగలేదు, అవ్వ చెప్పలేదు. రెండో ముద్ద మాత్రం పెట్టించుకొన్నది.

అలుమినియం కుండలో సంగటి అడుగంటుతుంది. రాత్రి నీళ్ళు పోసి ఉంచితే పొద్దున గీకకుండానే వస్తుంది.