భోజనాల సీను మీద రెండు కార్డుల పరీక్ష

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. అయినా పొద్దున లేచేటప్పుడు అరవై ఏళ్ల మనిషిలా నడుం పట్టుకుని లేచేవాణ్ణి. అంత అలసిపోవడానికి నేను మోసిన మూటలేమీ లేవు. ఆదోనిలో ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాణ్ణి, అంతే. ఎవరిదో పెళ్లి చూస్తూ కూర్చోవడం కూడా ఒక పనేనా అని మీకు అనిపించవచ్చు (మా బంధువులందరికీ అలాగే అనిపించింది). ఒకే తాళిని మూడు కెమెరాల్లో ముప్పైసార్లు కట్టించి చూడండి, తెలుస్తుంది. ముక్కలన్నీ అతికించి, పాటలు పెట్టి, పూలు చల్లాక, కంప్యూటరు వాటన్నిటినీ కలిపి ఒక్క వీడియోగా తయారు చేయాలి. దాన్నే రెండరింగ్ అంటారు. మా పాత కంప్యూటరుకు దానికి పూటకు పూట పట్టేది. మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటినుంచీ మొదలు, కాబట్టి వదిలేసి ఇంటికి పోవడానికి లేదు. నేను ఇల్లు చేరేసరికి జొన్నరొట్టెలు చల్లబడి అట్టల్లా అయ్యేవి. అమ్మ మాత్రం తినకుండా నాకోసం కూర్చునేది. పెనం మీది రొట్టె నేరుగా కంచంలో పడగా అమ్మ పక్కన కూర్చుని తినాలి, అప్పట్లో నా జీవితాశయం అంతకంటే పెద్దదేమీ కాదు.

కంప్యూటరుకు మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి పెట్టిస్తే రెండరింగ్ తొందరగా అయి సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండొచ్చని నాకు తోచింది. మా యజమానిని అందరం సేటు అనేవాళ్లం. పత్తి వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టి, దూది పడక స్టూడియో పెట్టుకున్న మనిషి. నేను రెండు వారాలు కూర్చుని రెండు కార్డులకు ఒక పట్టిక తయారు చేశాను. చిన్నదానికి నాలుగు జీబీ మెమరీ, పెద్దదానికి ఎనిమిది. మెమరీకి రాకపోకల దారి చిన్నదానికి నూటా ఇరవై ఎనిమిది బిట్లు, పెద్దదానికి సరిగ్గా రెట్టింపు. చిన్నదానికి ఒక ఫ్యాను, పెద్దదానికి రెండు. చిన్నది కంప్యూటరు లోపలి బోర్డు ఇచ్చే కరెంటుతోనే సర్దుకుంటుంది, పెద్దదానికి విడిగా ఒక వైరు కావాలి. ఎర్ర పెన్నుతో గీతలు కూడా కొట్టాను. (నా డిగ్రీ పరీక్షకు అందులో సగం శ్రద్ధ పెట్టి ఉంటే ఈ జ్ఞాపకాలు వేరే ఎవరో రాసేవాళ్లు.)

సేటు ఆ కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూశాడు. ఆయన ఏ వస్తువునైనా పత్తిలాగే చూసేవాడు. రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగి పింజ ఎంత పొడవుందో చూస్తే తప్ప నమ్మేవాడు కాదు.

"కాగితం మీద పత్తి అంతా మంచిదేనప్పా. శాంపిలు తీసి సూపించు" అన్నాడు.

ఎమ్మిగనూరులో మాకు తెలిసిన మిక్సింగ్ అన్న ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర ఆ రెండు కార్డులూ ఉన్నాయని, అక్కడికి వెళ్లి ఒకే వీడియోను రెండింటి మీదా నడిపి చూస్తానని చెప్పాను. తాళి కట్టే ఘట్టం తీసుకుపోదామని అనుకుంటే సేటు ఒప్పుకోలేదు. పత్తి నింపిన గోనె బోరెంలో పైన ఎప్పుడూ మంచి పత్తే పెడతారట, శాంపిలు నడిమధ్యలోంచి తీయాలట. అలా లెక్కవేసి ఒక పెళ్లి నడిమధ్య నుంచి గంటసేపు భోజనాల సీను తీసి ఇచ్చాడు. దాన్ని హార్డ్ డిస్కులో వేసుకుని, ఎవరి సాంబారో ఒళ్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా బస్సులో ఎమ్మిగనూరు చేరాను.

అన్న కంప్యూటరులో చిన్న కార్డే ఉంది. పెద్దది బీరువాలో పాత పంచెలో చుట్టి ఉంది. ఆర్నెల్లు వాడి తీసేశాడట. చెడిపోయిందా అంటే లేదన్నాడు. వాడడం చేతకాక పక్కన పెట్టి ఉంటాడని నేను లోలోపల జాలిపడ్డాను.

ముందు చిన్న కార్డు మీద పెట్టాం. తెర మీద రెండు గంటల నలభై నిమిషాలు చూపించింది. అన్న లేచి తలుపు దగ్గరగా వేసి, బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. తిన్నాం. ఇద్దరం చాప పరుచుకుని పడుకున్నాం. ఆయన తన చిన్నప్పటి సంగతులు చెబుతుంటే వింటూ వింటూ నేను నిద్రపోయాను. ఎవరో పెళ్లివాళ్లు ఫోన్ చేస్తే అన్న కళ్లు కూడా తెరవకుండా "రెండరింగ్ అయితాంది" అని పెట్టేశాడు. ఆ పూటకు ఫోన్ మళ్లీ మోగలేదు. లేచేసరికి ఒళ్లు దూదిలా తేలిగ్గా ఉంది. తర్వాత పెద్ద కార్డు బిగించాం. అది ఫ్యాన్లు గిర్రున తిప్పుకుంటూ నలభై నిమిషాల్లో భోజనాలన్నీ ముగించి, ఆకులు ఎత్తేసింది. మాకు టీ తాగి, బిగించిన స్క్రూలు లెక్కపెట్టుకునే తీరిక మాత్రమే దొరికింది.

నేను ఉత్సాహంగా ఫలితం రాసుకుంటుంటే అన్న నా చేతిలోని పెన్ను వైపు చూశాడు.

"ఆలోసించి రాయప్పా. అది తిరుగుతాండంత సేపే మనకు ఎవురూ పని సెప్పరు."

పెద్దవాళ్లకు కొత్త వస్తువులంటే భయం కాబోలు అనుకుని, పెద్ద కార్డు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాను.

సేటు కొన్నాడు. మొదటిరోజు సాయంత్రం ఆరింటికల్లా పని అయిపోయింది. ఇంటి గుమ్మంలో నన్ను చూసి అమ్మ పిండి చేతులతోనే లేచి వచ్చింది. "ఏమి నాయనా, పనిలోంచి తీసేసినారా?" అంది. కాదని చెప్పి పొయ్యి పక్కనే కూర్చున్నాను. పెనం మీది రొట్టె ఒకటి నాకు, ఒకటి తనకు. నాలుగు రొట్టెలు తిన్నాను.

మర్నాడు పొద్దున సేటు గడియారం చూసి, ఇంత తొందరగా అయితే రోజుకు మూడు పెళ్లిళ్లు లాగొచ్చు కదప్పా అన్నాడు. వారం తిరిగేసరికి మా ఊరి పెళ్లిళ్లే కాక ఎమ్మిగనూరు పెళ్లిళ్లు కూడా వచ్చి పడ్డాయి. ఒకటి అయ్యేలోపు రెండోది సిద్ధం చేయాలి. ఇదివరకు ఆ పాత కంప్యూటరు పుణ్యాన కుర్చీలోనైనా ఒక కునుకు దక్కేది. ఇప్పుడు అదీ పోయింది, ఇంటికి పోయే వేళ మాత్రం మారలేదు. నా విశ్రాంతి మీద నేనే రెండు వారాలు పరిశోధన చేసి, ఎర్ర పెన్నుతో రుజువు చేసి మరీ దాన్ని కొట్టేయించాను. ఆ కోపం చాలాకాలం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది. ఇప్పటి కార్డు ముందు ఆనాటి పెద్ద కార్డు పసిపిల్ల. పెళ్లంతా పావుగంటలో తేల్చేస్తుంది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం ఎవరైనా ఫోన్ చేస్తే రెండరింగ్ నడుస్తాంది, మూడు గంటలు పడుతుందప్పా అని చెప్పి, లోపలే ఉన్నాననుకునేలా షట్టర్ సగం దించి ఇంటికి పోతాను. అమ్మ ఇప్పుడు పొయ్యి దగ్గర ఎక్కువసేపు కూర్చోలేదు. రొట్టె నేనే తడతాను. అంచులు పగిలినాయని ఆమె రోజూ వంక పెడుతుంది, పెట్టి తింటుంది. అలాంటప్పుడు పట్టిక చంకలో పెట్టుకుని బస్సు దిగి గర్వంగా నడిచొచ్చిన ఆ ఇరవై రెండేళ్లవాడు గుర్తొస్తే, పాపం, పిలిచి ఒక రొట్టె పెట్టాలనిపిస్తుంది.